మడతబందులకి నూనె

జనక్‌పురి, న్యూఢిల్లీ
12 మార్చి 1995

అత్తయ్యగారికి,

కల్పన నమస్కారాలు. మేం ముగ్గురం బాగున్నాం. మీ మోకాలు ఎలా ఉంది, మెస్సులో కమల ఇంకా మానేస్తానని బెదిరిస్తోందా, ఇవన్నీ వరసగా అడగాలి గానీ అవి తరవాత. ముందు అసలు సంగతి చెప్పెయ్యకపోతే నా చెయ్యి నిలిచేలా లేదు.

నాకు స్కాలర్‌షిప్పు వచ్చిందండీ. చైనాకి. పది నెలలు బీజింగులో ఉండి చదువుకోవాలి, రానూపోనూ ఖర్చులన్నీ వాళ్ళవే. సెప్టెంబరు మొదటి వారంలో ప్రయాణం. మా క్లాసులో పదకొండు మందిమి ఇంటర్వ్యూకి వెళితే నాకొక్కదానికే వచ్చింది. కవరు చింపి చదివి నేను చేసిన గోలకి కింద ఫ్లాటు పంజాబీ ఆంటీ చేతిలో గరిటెతో పైకొచ్చి "క్యా హువా బేటా" అంది. ఆవిడకి చెప్పి, మళ్ళీ చెప్పి, ఆవిడ వెళ్ళాక అద్దంలో నాకు నేను చెప్పుకున్నాను.

మీకో తప్పు ఒప్పుకోవాలి. తేజశ్రీని స్కూల్లో వేశాక సాయంత్రం కోర్సులో చేరానని రాశాను కదా, ఏ భాషో రాయలేదు. ఫ్రెంచి అని మీరనుకున్నారు, నేనూ కాదనలేదు. నిజానికి ఫ్రెంచికే వెళ్ళానండీ. ఆ లైను గేటు దాటి రోడ్డు మీదకి ఉంది. చైనీస్ కౌంటరు దగ్గర ఒక్క పురుగు లేదు. బస్సు తప్పిపోతుందని అక్కడే ఫీజు కట్టేశాను. ఆర్నెల్లలో మానేద్దామనుకున్నాను. మూడేళ్ళయింది, వారానికి మూడు సాయంత్రాలు రెండు బస్సులు మారి వెళుతున్నాను, వర్షంలో కూడా మానలేదు. పాత చైనా కథల్లో, నాటకాల్లో ఆడవాళ్ళు ఎలా బతికారో చదవడం నా పని. అది చదివేటప్పుడు నాకు వేరే ఏదీ గుర్తుండదు. ఒకసారి పొయ్యి మీద పాలు కూడా గుర్తులేవు.

ఇప్పుడు అసలు అడగాల్సింది. మీ అబ్బాయి మంచిగానే ఉన్నారు. వద్దనలేదు. "అమ్మ వచ్చి పిల్లని చూసుకుంటానంటే వెళ్ళు, అమ్మ ఊ అంటే నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. నెహ్రూ ప్లేసులో ఆయన ఆఫీసు, ఇంటికొచ్చేసరికి ఎనిమిదవుతుంది. తేజశ్రీకి ఎనిమిదేళ్ళు. జూన్ పదిహేను లోపల నేను ఒప్పుకుంటూ కాగితం పంపాలి, లేకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

పది నెలలు మీరు ఢిల్లీ వచ్చి ఉండగలరా? అడగడానికి సిగ్గుగా ఉంది, కానీ అడక్కుండా ఉండలేను.

మీ
కల్పన

*

సామర్లకోట
23 మార్చి 1995

చిరంజీవి కల్పనకి,

ఉత్తరం అందింది. మోకాలు అలాగే ఉంది. కమల మానేస్తానంటూనే ఉంది, మానదు.

మూడేళ్ళుగా మా కోడలు ఫ్రెంచి చదువుతోందని వీధి వీధంతా చెప్పుకున్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని మార్చి చెప్పను? మన వెనకింటి ధర్మయ్య మిలట్రీలో చేసి వచ్చినవాడు. చైనా అన్న మాట వింటే చాలు, అరవై రెండులో మంచులో ఏం తిన్నాడో మొదలుపెట్టి అన్నం చల్లారిపోయేదాకా వదలడు. అతనికి ఏం చెప్పాలో నువ్వే రాయి.

నేను రావడం అంటే తాళం వేసి బండెక్కడం కాదు. ఇరవై రెండు మంది తింటున్నారు నా దగ్గర. రైల్వే వాళ్ళు తొమ్మిది మంది, బ్యాంకు వాళ్ళు ఆరుగురు, తక్కినవాళ్ళు ఫ్యాక్టరీ. పొద్దున్న పదింటికి అన్నం వార్చకపోతే ఈ ఊళ్ళో రైళ్ళు ఆగిపోతాయి. మా ఫణి నాలుగేళ్ళ పిల్లాడుగా ఉన్నప్పుడు మా మామగారు పెట్టించిన మెస్సు ఇది, ఒక్కరోజు మూత పెట్టి ఎరగను.

అయినా అడిగావు కాబట్టి ఆలోచిస్తాను. ఒక సంగతి మాత్రం నాకు తెలియాలి. చిన్నపిల్లని వదిలి వెళ్ళి చదవాల్సినంత ఏవుంది ఆ పుస్తకాల్లో? ఆ దేశపు ఆడవాళ్ళు ఏం చేసేవాళ్ళు, అత్తలతో ఎలా వేగేవాళ్ళు? నాకు అర్థమయ్యేలా ఒక కథ రాసి పంపు. చదివాక చెబుతాను వస్తానో రానో. నువ్వు చాలా పరీక్షలు రాసుంటావు. ఇది నేను పెట్టేది.

తేజశ్రీకి ముద్దులు. కిందటిసారి ఫోనులో తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పింది. దాని సంగతి కూడా చూడాలి.

ఆశీస్సులతో
కోటమ్మ

*

జనక్‌పురి
3 ఏప్రిల్ 1995

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ పరీక్షకి నేను తయారు. బీజింగు వాళ్ళు పెట్టిన దానికి కూడా ఇంత కంగారు పడలేదు.

ముందు ఆ పుస్తకాల్లో ఉన్న పాఠం చెబుతాను. ఆడది పుట్టింట్లో తండ్రి మాట వినాలి, పెళ్ళయ్యాక మొగుడి మాట, మొగుడు పోయాక కొడుకు మాట. ఇది చదివిన రోజు క్లాసులో నేనొక్కదాన్నే నవ్వాను. ఎందుకు నవ్వావని మా మేడమ్ అడిగితే, దీన్ని నాకు చైనీసులో చెప్పక్కర్లేదు మేడమ్ అన్నాను. అయితే అత్తయ్యగారూ, పాఠం అయిపోయి కథలు మొదలయ్యాక ఒక్కరూ దాన్ని సరిగ్గా వినరండీ. మగవేషం వేసుకుని చదువుకోడానికి పోయే పిల్లలుంటారు. నక్కలు ఆడవాళ్ళుగా మారి పేద విద్యార్థులకి వండిపెడతాయి, వాళ్ళకంటే బాగా పద్యాలు చెబుతాయి. లోపలి వాకిలి దాటకుండా వంద మంది ఉన్న ఇంటిని కనుసైగతో నడిపే ముసలమ్మలుంటారు. ఆడదాని రాత నలుగురి కంటా పడకూడదని తన పద్యాలు తనే పొయ్యిలో వేసుకునే ఆవిడ ఉంటుంది. అది చదివి నేను రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఇక కథ. రాసినవాళ్ళెవరో తెలియదు, మా మేడమ్ దగ్గర జిరాక్సు ఉంది. కోడలికి పేరు కూడా లేదు, పుట్టింటి ఇంటిపేరుతో 'లిన్ వారమ్మాయి' అంటారంతే. పదిహేడో ఏట కాపరానికి వచ్చింది. చిన్నప్పుడే పాదాలు ఎదగకుండా గుడ్డతో కట్టేసి పెంచారు కాబట్టి నాలుగడుగులు నడిస్తే గోడ పట్టుకోవాలి. అత్త విధవరాలు, ఇంట్లో పట్టు మగ్గాలు నడుపుతుంది, నోరు మహా చెడ్డది. కోడలు నేసిన బట్ట వేలితో పట్టుకుని "ఇది పట్టా, గోనెసంచా" అంటుంది. కొడుకు రాజధానిలో పెద్ద పరీక్ష రాయడానికి పడవెక్కి వెళ్ళాడు. రెండేళ్ళు ఉత్తరాలు వచ్చాయి. మూడో ఏడు పడవ మునిగిందన్న కబురొచ్చింది.

పిల్లకి అప్పటికి పందొమ్మిది. వంశంలో పెద్దమనుషులు ఎనిమిది మంది వచ్చి ముందు హాల్లో కూర్చున్నారు. మొగుడు పోయాక యాభై ఏళ్ళు వచ్చేదాకా మళ్ళీ పెళ్ళాడకుండా ఉండిపోయిన ఆడదాని పేరు మీద ప్రభుత్వం రాతి తోరణం కట్టిస్తుంది. ఆ కుటుంబానికి వెట్టిచాకిరీ కూడా తప్పుతుంది. ఆ లాభమంతా లెక్కేసుకుని మాట్లాడుకుంటున్నారు. అంతలో ఒకాయన గడ్డం దువ్వుకుంటూ "ముప్పై ఏళ్ళు ఎవరు కాచుకోగలరు? అమ్మాయి ఇప్పుడే మొగుడి వెనకాల పోతే తోరణం ఈ ఏడే వస్తుంది" అన్నాడు. తెర వెనక కోడలు వింటోంది. అత్త కూడా వింటోంది.

అత్త లేచి "తొమ్మిది రోజులు గడువివ్వండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇన్‌లాండు లెటరు కాదు కాబట్టి ఇంకా రాయచ్చు గానీ, తేజశ్రీ బస్సు వచ్చే టైమైంది. తక్కింది మళ్ళీ రాస్తాను.

మీ
కల్పన

*

సామర్లకోట
15 ఏప్రిల్ 1995

కల్పనా,

అక్కడ ఆపుతావా? మనిషివేనా నువ్వు?

మధ్యాహ్నం వడ్డన వేళకి పోస్టు వచ్చింది. కమల కవరు చూసి చదవమంది. సరే అని సాంబారు వడ్డిస్తూ కాస్త పైకి చదివాను, అంతే. రెండో వరస వాళ్ళు మొదటి వరస వాళ్ళ వెనకాల నిలబడిపోయారు. మొదటి వరస వాళ్ళు చేతులు ఎండిపోతున్నా లేవలేదు. బ్యాంకు అనంతరామయ్య గారికి సాంబారు మూడుసార్లు పోశాను, ఆయనా చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. ఆ గడ్డం వాడి మాట దగ్గరకొచ్చేసరికి కమల గరిటె గిన్నెలో పడేసి వాణ్ణి తిట్టిన తిట్టు నేను కాగితం మీద పెట్టలేను. ధర్మయ్య ఉన్నాడు చూశావూ, చైనా పేరెత్తితే మంచులో ఆకలి కథ చెప్పేవాడు, అతను కూడా "ఆ పిల్ల ఏమైంది వదినా" అని సాయంత్రం గుమ్మంలో నిలబడ్డాడు.

ఇప్పుడు ఊళ్ళో రెండు పార్టీలు. రిటైరైన హెడ్మాస్టరు సదాశివరావు గారి పార్టీ ఏవంటుందంటే, ఆ అత్త గయ్యాళి, కోడల్ని చంపేస్తుంది, అందుకే గడువు అడిగింది. కమల పార్టీ చంపదంటుంది. నేనేవీ అనలేదు. మగ్గాలు నడుపుకునే విధవరాలు నోరు మెత్తగా పెట్టుకుంటే పూట గడవదని మాత్రం నాకు తెలుసు.

ఢిల్లీ సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను. కథ పూర్తిగా వినకుండా మార్కులు వెయ్యను. త్వరగా పంపు. పోస్టుమాన్‌ని రోజూ నలుగురు అడుగుతున్నారు, వాడు మన వీధికి రావడానికి భయపడుతున్నాడు.

కోటమ్మ

*

జనక్‌పురి
26 ఏప్రిల్ 1995

పూజ్యులైన అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. మా మేడమ్‌కి హిందీలో చెబితే ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇరవై ఏళ్ళుగా ఈ కథ పాఠం చెబుతున్నాను, భోజనం మానేసి ఎవరూ వినలేదు అంది.

తక్కిన కథ ఇది. తొమ్మిది రోజులూ కోడలు అత్తగారి గదిలోనే ఉంది. అత్తగారికి కాళ్ళు పట్టి, వేణ్ణీళ్ళు పెట్టి, ఆవిడ తిన్నాక మిగిలింది తినేది. తొమ్మిదో రోజు పెద్దమనుషులు తాడు పట్టుకుని వచ్చి, తోరణం ఎక్కడ కట్టాలా అని ముందు గేటు దగ్గర నేల కొలవడం మొదలుపెట్టారు. అత్తగారు ఆ పొద్దున్న వెనక తలుపు మడతబందులకి నూనె రాయించింది. తరవాత కోడలి చెయ్యి పట్టుకుని ముందు హాల్లోకి తీసుకొచ్చి, "ఈ పిల్ల చావదు, నా సేవలో ఉంటుంది" అంది. కోడలు నేలకి నుదురు ఆనించి అత్తగారికి నమస్కారం చేసింది. ముప్పై ఏళ్ళు అత్తగారి మాట జవదాటకుండా సేవ చేసింది. అత్తగారు చనిపోయే ముందు ఆమె తల నిమిరి దీవించింది. అప్పుడు రాతి తోరణం కట్టారు. దాని ముందు అత్తాకోడళ్ళ పేరు చెప్పుకుని ఊరంతా దణ్ణం పెట్టుకునేవారు.

చూశారా అత్తయ్యగారూ, ఎంత గొప్ప కోడలో. పెద్దల సేవ ఎంత గొప్పదో ఆ దేశం వాళ్ళకీ తెలుసు. మీరు ఢిల్లీ వస్తే మీకు ఏ లోటూ రాకుండా అన్నీ అమర్చి వెళతాను. పని మనిషిని రెండు పూటలకీ మాట్లాడాను. కూలరు కొత్తది కొన్నాం. జూన్ పదిహేను గడువు మరొక్కసారి గుర్తు చేస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మీ ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ
మీ కోడలు
కల్పన

*

సామర్లకోట
8 మే 1995

కల్పనకి,

నేను రావడం లేదు.

కారణం కూడా చెబుతాను విను. నువ్వు నాతో అబద్ధమాడావు. ఫ్రెంచి అన్నావు, పోనీలే అనుకున్నాను. ఈసారి మాత్రం నాకు ఒళ్ళు మండింది.

ఉత్తరం వచ్చిందని కబురు తెలిసి ఆ రోజు మామూలు వాళ్ళు కాక ఇంకో ఎనిమిది మంది వచ్చి కూర్చున్నారు. చదవడం మొదలుపెట్టాను. కాళ్ళు పట్టింది అనగానే కమల మొహం మాడ్చుకుంది. సేవ చేసింది, దీవించింది అని చదువుతుంటే ఒక్కొక్కరే చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ధర్మయ్య "ఇంతేనా" అన్నాడు. వాదన గెలిచిన కమలే గెలిచానని చెప్పుకోలేదు.

సరే, కథలు అలాగే ఉంటాయి కాబోలు అని మడిచి పెట్టేద్దును. కానీ ఒక ముక్క నన్ను వదల్లేదు. ఆ అత్త వెనక తలుపు మడతబందులకి నూనె ఎందుకు రాయించింది? కోడల్ని ముందు హాల్లోకి తీసుకెళ్ళే మనిషికి వెనక తలుపుతో పనేవిటి? నేను ముప్పై ఏళ్ళుగా తలుపులు తీసి మూసేదాన్ని. కిర్రుమంటే వినకూడనివాళ్ళు ఎవరో దగ్గర్లో ఉన్నప్పుడే మడతబందుకి నూనె రాస్తాం. ముందు గేటు దగ్గర ఎనిమిది మంది తాడు పట్టుకుని ఉన్నారని నువ్వే రాశావు.

నువ్వు కథ కోసేసి నీకు నచ్చిన తోక అతికించావు. నూనె ముక్క తీసెయ్యడం మర్చిపోయావు. ఆ పుస్తకం నీ ఎదర ఉంది, నాకు ఆ భాష చదవడం రాదు, అందుకని నాకు ఏది పడితే అది పెట్టచ్చనుకున్నావు. ఉన్నదున్నట్టు చెప్పలేని దానికి అంత దూరం వెళ్ళి చదవడం ఎందుకు?

నిజం రాయాలనిపిస్తే రాయి. లేకపోతే క్షేమ సమాచారాలు చాలు.

కోటమ్మ

*

జనక్‌పురి
18 మే 1995

అత్తయ్యా,

'గారు' పెట్టలేదు, కోపం తెచ్చుకోకండి. ఈ ఉత్తరానికి అది నప్పడం లేదు.

మీరు చెప్పిందంతా నిజం. మీ ఉత్తరం పట్టుకుని బాత్రూములో కూర్చుని ఏడ్చాను. బయట నలభై నాలుగు డిగ్రీలు, కరెంటు లేదు, తేజశ్రీ తలుపు కొట్టి "మమ్మీ, క్యా కర్ రహీ హో" అంటోంది. నన్ను పట్టేసుకున్నారన్న సిగ్గుతో ఏడ్చాను. కానీ అత్తయ్యా, ఆ నూనె ముక్క మీరు పట్టుకున్నారు చూశారా, మా క్లాసులో ఎవరూ పట్టుకోలేదు. నేనూ మూడుసార్లు చదివాకే పట్టుకున్నాను. ఏడుస్తూనే ఒళ్ళు పులకరించింది నాకు.

పుస్తకంలో ఉన్నది ఇది. ఒక్క ముక్క మార్చను.

తొమ్మిది రోజులూ అత్త ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. చచ్చిపోయిన కొడుకు బట్టలు తీసి కోడలి కొలతకి తనే కుట్టింది. కుడుతూ కూడా తిడుతూనే ఉంది, భుజాలు లేవు, నడుం లేదు, నిన్నెవరు మగాడనుకుంటారు అని. కొడుకు బూట్లలో దూది కూరి, ఆ కట్టేసిన పాదాలు వాటిలో పెట్టించి, గదిలో అటూ ఇటూ నడిపించింది. పిల్ల నొప్పికి ఏడిస్తే "ఏడుస్తూ నడువు, ఆగకు" అంది. తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం. పెద్దమనుషులు ముందు గేటు దగ్గర తాడుతో నేల కొలుస్తూ, స్తంభం ఇక్కడ, కాదు అక్కడ అని కేకలేసుకుంటున్నారు. అత్త వెనక తలుపు తీసింది. చప్పుడు కాలేదు. తలుపు అవతల కాలవ, కాలవలో పడవ. పిల్ల మేనమామ ఉన్న ఊరికి రెండ్రోజుల ప్రయాణం.

ఆ పిల్ల కాళ్ళ మీద పడబోతే అత్త లేవదీసి "వంగకు. మగాళ్ళు అలా వంగరు, దొరికిపోతావు" అంది. అత్త ఆమెతో అన్న ఆఖరి మాట అదే.

తరవాత కాలవ ఒడ్డున కోడలి చెప్పులు పడేసి గుండెలు బాదుకుంటూ ముందుకొచ్చింది. కోడలు దూకేసిందని ఏడ్చింది. పెద్దమనుషులు పైకి ఏడ్చారు, లోపల సంతోషపడ్డారు. ఏడాదిలో తోరణం లేచింది. లిన్ వారమ్మాయి ఆ మేనమామ ఊళ్ళో ఆడపిల్లలకి నేతా రాతా నేర్పుతూ ముసలిదైపోయింది. అత్త మాత్రం రోజూ సంతకి ఆ తోరణం కిందనుంచే నడిచి వెళ్ళేది. మొహంలో ఏమీ తెలిసేది కాదట. కథ అక్కడితో అయిపోతుంది.

దీన్ని మీకెందుకు రాయలేకపోయానంటే, రాస్తే మీరూ అలా తలుపు తియ్యండి అని మీ మొహం మీద అడిగినట్టుంటుందని భయపడ్డాను. కాళ్ళు పట్టే కోడలైతే మీకు నచ్చుతుందనుకున్నాను. పదేళ్ళుగా మీ కోడల్ని, మీరెలాంటి మనిషో నాకు తెలియలేదు. అది నా తప్పు.

మీరు రాకపోయినా ఫరవాలేదు. నిజంగానే అంటున్నాను. కాగితం పంపడం మానేస్తాను, ఇక్కడే చదువుకుంటాను. ఈ కథ మాత్రం మెస్సులో అందరికీ చదవండి. వాళ్ళని మోసం చేసినందుకు నిద్ర పట్టడం లేదు.

కల్పన

*

సామర్లకోట
29 మే 1995

కల్పనా,

అంత గొప్ప అత్తని నా దగ్గర దాచేస్తావా? కాళ్ళు పట్టించుకునే ముసలిదాన్ని పంపి, దీన్ని నీ దగ్గరే ఉంచుకున్నావు. దానికి నీ మీద కోపం ఇంకో ఏడాది ఉంటుంది.

చదివాను. మొదట నేను ఒక్కదాన్నే చదువుకున్నాను, తరవాత అందరికీ చదివాను. 'వంగకు' అన్న చోట కమల భోరుమంది. సదాశివరావు గారు లేచి, మొత్తం ఇంకోసారి చదవమన్నారు. ఆ పూట ఎవరూ మజ్జిగ అడగలేదు.

ఇప్పుడు నేనూ ఒకటి రాయాలి. నువ్వొక్కదానివే కాదు కథకి తోక అతికించింది.

ఈ మెస్సు మా మామగారు పెట్టించారని నీకు రాశాను. ఫణికీ అదే చెప్పాను. అబద్ధం. మీ మామగారు పోయేటప్పటికి నాకు ఇరవై ఆరు. పెద్దాపురంలో ఉమ్మడి కాపరం. బావగార్లు నన్ను వెనక గదిలో పెట్టారు. వంట చేసిపెట్టాలి, మనుషుల్లోకి రాకూడదు. పిల్లాణ్ణి పెద్ద బావగారికి దత్తత ఇచ్చెయ్యమన్నారు. ఏడాదిన్నర ఉన్నాను. ఒకరోజు అందరూ పెళ్ళికి వెళ్ళారు, ఇంట్లో నేనూ మా అత్తగారూ. పట్టపగలు పిల్లాణ్ణి చంకనేసుకుని, రెండు గిన్నెలు మూటగట్టుకుని వీధిలోకొచ్చేశాను. మా అత్తగారు అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసింది. ఏవీ అనలేదు. మొహం స్తంభం వైపు తిప్పుకుంది.

ముప్పై ఏళ్ళు ఆవిడ మీద కోపం పెట్టుకున్నాను. పోతున్న కోడలితో ఒక్క మాట అనలేదు, పిల్లాణ్ణి ముద్దు పెట్టుకోలేదు అని. ఆవిడ పోయినప్పుడు వెళ్ళాను గానీ కళ్ళల్లో నీళ్ళు రాలేదు.

నీ కథ చదివిన రోజు మజ్జిగ చిలుకుతూ చిలుకుతూ ఆగిపోయాను. వెనక గదిలో నేనున్న ఏడాదిన్నరా, వీధి వైపు వెళ్ళే మధ్య గది తలుపుకి అవతలి నుంచి గొళ్ళెం పెట్టి ఉండేది. పెళ్ళికి వెళుతూ పెద్ద బావగారు పెట్టి వెళ్ళారు, నేను చెవులారా విన్నాను. మరి నేను తోస్తే ఎలా తెరుచుకుంది? ఆ ఇంట్లో ఇంకెవరున్నారు?

ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఈ ప్రశ్న నాకు రాలేదు కల్పనా. ఆవిడ పోయి పదకొండేళ్ళు. అడుగుదామంటే లేదు. ఏడుపు మాత్రం ఇప్పుడొచ్చింది, అప్పుడు బాకీ పడ్డదంతా.

పిల్లని వదిలి వెళ్ళి చదవాల్సినంత ఏవుందని అడిగాను కదా. ఇది ఉంది. పరీక్ష పాసయ్యావు.

అయినా పది నెలలు నేను రాను. అది మారదు. నా ఇరవై రెండు మందిని వదిలి, నేను కట్టుకున్న మెస్సు మూసి వస్తే, నువ్వు తలుపు దాటినందుకు నేను తలుపు వేసుకున్నట్టు అవుతుంది. అసలు నన్నెందుకు అడిగించాడు ఫణి? అమ్మ ఊ అంటే అని నా కొంగు చాటున దాక్కున్నాడు. నేను కాదంటే పాపం నాకు, ఊ అంటే చాకిరీ నాకు. తండ్రి వాడు, నేను కాదు. పదేళ్ళప్పుడు ఇరవై మందికి కూరలు తరిగినవాడు, ఇప్పుడు కాఫీ పెట్టుకోవడం రాదట. వాడికి వేరే ఉత్తరం రాశాను. అందులో ఏముందో వాడే చెబుతాడు, చెప్పకపోతే అడక్కు.

సెప్టెంబరులో నెల రోజులు వస్తాను. ఆ నెల మెస్సు కమల చూస్తుంది. మానేస్తానని బెదిరించే తీరిక ఉండదు దానికి. వాడికి వంటా, పిల్లకి జడెయ్యడం, రెండూ నేర్పి నా బండి నేనెక్కుతాను.

కాగితం మీద సంతకం పెట్టు.

అత్తయ్య

*

జనక్‌పురి
9 జూన్ 1995

అత్తయ్యా,

పంపేశాను. ఈ పొద్దున్న పదిన్నరకి రిజిస్టరు పోస్టు చేశాను, రసీదు పర్సులో ఉంది. దారిలో నాలుగుసార్లు తీసి చూసుకున్నాను.

మీ ఉత్తరం ఆయనకి ఆఫీసుకే వచ్చింది. ఇంటికొచ్చి దాన్ని జేబులోంచి తీశారు. బాల్కనీలో కూర్చుని మళ్ళీ చదివారు. నేను అడగలేదు, మీరు అడక్కన్నారు కదా. ఒకటి మాత్రం అన్నారు. "పెద్దాపురం సంగతి నాకు తెలియదు కల్పనా" అన్నారు, అని మొహం కడుక్కోడానికి లేచారు. తరవాత వంటింట్లోకొచ్చి బెండకాయలు ఎక్కడున్నాయి అన్నారు. ఎంత సన్నగా, ఎంత గబగబా తరిగారో. తేజశ్రీ నోరు తెరుచుకుని చూస్తూ "పాపా కో ఆతా హై?" అంది, నాన్నకి ఇది వచ్చా అని. పదేళ్ళ కాపరంలో నేనూ అప్పుడే చూశాను. కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఉప్పు వెయ్యడం మర్చిపోయారు. ముగ్గురం తిన్నాం.

పంపే ముందు ఆ కాగితం మీద ఆయన్ని సాక్షి సంతకం పెట్టమన్నాను. పెట్టి, కలం మూత పెడుతూ, సెప్టెంబరు నుంచి ఆఫీసులో పొద్దున షిఫ్టు అడుగుతానన్నారు. ఆ మాట నేను అడగలేదు అత్తయ్యా.

నాకు భయంగా ఉంది. రాత్రుళ్ళు లేచి లేచి పిల్ల దుప్పటి సర్దుతున్నాను. అయినా వెళుతున్నాను.

కల్పన

*

జనక్‌పురి, న్యూఢిల్లీ
14 సెప్టెంబరు 1995

బీజింగులో ఉన్న మా కల్పనకి,

మీ ఇంట్లో కూర్చుని నీకు ఉత్తరం రాయడం విడ్డూరంగా ఉంది. నువ్వు వెళ్ళి పదకొండు రోజులు. పిల్ల మొదటి రెండ్రోజులు ఏడ్చింది, అబద్ధం చెప్పను. ఇప్పుడు బాగుంది. నా హిందీ విని నవ్వలేక తనే నాతో తెలుగు మాట్లాడుతోంది. ఫణి వేసిన జడ మధ్యాహ్నం దాకా నిలుస్తోంది. పప్పు కుదిరింది, చారు ఇంకా కుదరలేదు.

ఒక సంగతి రాయాలి. నిన్న పాలు తీసుకుని మెట్లెక్కుతుంటే పై ఫ్లాటు ఆవిడ ఆపి, మీ కోడలికి ఒంట్లో ఎలా ఉంది, పుట్టింట్లో వైద్యం జరుగుతోందట కదా అని అడిగింది. నాకు అర్థం కాలేదు. పిల్లని అడిగితే, ఫణి మెట్ల మీద అందరికీ అలా చెప్పాడని తెలిసింది. పెళ్ళాం చైనా వెళ్ళిందంటే నలుగురూ ఏమనుకుంటారో అని. నీకు జబ్బు అంటగట్టాడు.

సాయంత్రం వాడు రాగానే చెయ్యి పట్టుకుని మెట్ల మీదకి తీసుకొచ్చాను. తలుపులు కొట్టాను. కింద పంజాబీ ఆంటీ, పై ఫ్లాటు ఆవిడ, ఎదురింటి ముసలాయన, అందరూ వచ్చారు. నాకు వచ్చిన హిందీ అంతా కూడగట్టి గట్టిగా చెప్పాను. మా కోడలికి జబ్బు లేదు. చైనా వెళ్ళింది. చదువుకోడానికి వెళ్ళింది. ముందు తలుపులోంచే వెళ్ళింది, నేనే పంపాను. పంజాబీ ఆంటీ చప్పట్లు కొట్టింది. ఎదురింటాయన చైనాలో ఏం చదువుతుందని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా ఫణి చెప్పడం మొదలుపెట్టాడు. పాత కథల్లో ఆడవాళ్ళ గురించి, అన్నాడు. ఒక పిల్ల, మొగుడు పడవలో పోయాడు, పందొమ్మిదేళ్ళు, అని మొదలుపెట్టి మెట్ల మీద నిలబడే మొత్తం చెప్పాడు. నేను మేలో వాడికి రాసిన ఉత్తరంలో ఆ కథంతా చదివాడు కదా, మడతబందుల దగ్గర్నుంచి ఒక్క ముక్క వదల్లేదు. ఎక్కడా ఆగలేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు.

మీ అత్తయ్య
కోటమ్మ